ఓడ డెక్ మీద ఉద్యోగం కోసం ఏజెంటుకు డబ్బు కట్టవచ్చా?

ప్రశ్న

మాది శ్రీకాకుళం జిల్లాలో తీరాన్ని ఆనుకున్న ఊరు. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన మా తమ్ముడు ఓడ ఉద్యోగానికే వెళ్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. 5 లక్షలు కడితే శిక్షణతో పనిలేకుండా సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) తెప్పించి, రెండు నెలల్లో గల్ఫ్‌లో ఓడ ఎక్కిస్తానని ఒక ఏజెంటు చెబుతున్నాడు. నాన్నగారు అరెకరం అమ్మడానికి సిద్ధపడ్డారు. ఈ రంగంలో ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం (ఏబీ, అంటే ఏబుల్ సీమన్ అనే డెక్ నావికుడు, ట్యాంకర్లు)

పొలం అమ్మవద్దని ముందు మీ నాన్నగారికి చెప్పండి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు వసూలు చేయడాన్ని మన దేశపు నిబంధనలూ, 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందమూ నిషేధిస్తున్నాయి. నియామక సంస్థకు ఆర్‌పీఎస్‌ఎల్ (నావికులను ఉద్యోగాల్లో పెట్టే అనుమతి) లైసెన్సు ఉందో లేదో, ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయమైన డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. డీజీ షిప్పింగ్ ఆమోదించిన సంస్థలో ఆరు నెలల జీపీ రేటింగ్ (ఓడలో కింది స్థాయి సిబ్బంది శిక్షణ) కోర్సు చేసి, పరీక్ష నెగ్గి, సీడీసీ తీసుకోవడమే సరైన దారి. అయితే అసలు కష్టం ఆ తరువాతే మొదలవుతుంది. కాగితాలన్నీ ఉండి కూడా మొదటి ఓడ దొరకక ఏడాదికి పైగా తిరిగినవారు నా బ్యాచ్‌లోనే ఉన్నారు. కాబట్టి ఫీజు కట్టేముందు, పోయిన బ్యాచ్ పిల్లలను ఏయే కంపెనీలు తీసుకున్నాయో చూపించమని అడగండి.

అన్నిటికన్నా ముందు కంటి పరీక్ష చేయించండి. రాత్రి లుకౌట్‌లో (చుట్టూ గమనించే కాపలాలో) నిలబడినవాడు ఎదుటి ఓడ ఎడమవైపు ఎర్రదీపాన్నీ, కుడివైపు ఆకుపచ్చదీపాన్నీ చూసి అది ఎటు పోతోందో చెప్పాలి కనుక, రంగులు పోల్చుకోలేనివారిని డెక్‌కు తీసుకోరు.

సమాధానం (విశ్రాంత బోసన్, అంటే డెక్ సిబ్బందికి మేస్త్రీ)

పని సంగతి కూడా తమ్ముడికి తెలియాలి. తుప్పు గీకడం, రంగు వేయడం, బొగ్గు దింపిన హోల్డులో (సరుకు గదిలో) తరువాత ధాన్యం ఎక్కించాలంటే నలుసైనా మిగలకుండా కడగడం, రేవులో తాళ్లు కట్టడం ఇవే రోజువారీ పనులు. బిగిసిన తాడు తెగితే కాళ్లు పోతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. నాలుగు గంటల వాచీ (డ్యూటీ), ఎనిమిది గంటల విరామం సముద్రంలో సాగినట్టు రేవులో సాగవు. రోజుకు 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలన్నది నియమమే అయినా, రిజిస్టరులో పడుకున్నంత సేపు మంచం మీద పడుకోని రోజులు నాకు చాలా ఉన్నాయి.

జీతాన్ని పన్నెండుతో హెచ్చవేసి మురిసిపోవద్దు. తొమ్మిది నెలల కాంట్రాక్టు ముగించి దిగినవాడికి, చాలా కంపెనీల్లో మళ్లీ ఎక్కేదాకా జీతం రాదు. ట్రైనీగా చేరినవాడు ఓఎస్ (ఆర్డినరీ సీమన్), ఏబీ దాటి బోసన్ అయితే, మన పెద్దలు సరంగు అనేది ఆ పదవినే, ఇల్లు గౌరవంగానే గడుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. లైసెన్సు నంబరు అడిగితే, ముందు అడ్వాన్సు కట్టమంటున్నాడు ఏజెంటు. సోమవారం తమ్ముణ్ణి కంటి ఆసుపత్రికి తీసుకువెళ్తున్నాను.