హామ్లెట్ పిచ్చివేషం వల్ల అతనికి ఒరిగిందేమిటి?

ప్రశ్న:
ఎం.ఏ. పరీక్ష కోసం షేక్‌స్పియర్ 'హామ్లెట్' చదువుతున్నాను. తన తండ్రిని చంపింది ఇప్పటి రాజైన పినతండ్రేనన్న రహస్యాన్ని తండ్రి ప్రేతాత్మ నోట విన్న వెంటనే, మొదటి అంకం చివర్లోనే, డెన్మార్క్ యువరాజు హామ్లెట్ తాను ఇకపై వింతగా ప్రవర్తించవచ్చునని మిత్రుడు హొరేషియోకు, కావలి సైనికుడు మార్సెలస్‌కు చెప్పి, ఆ సంగతి బయటపెట్టబోమని వారి చేత ఒట్టు వేయించుకుంటాడు. రాజుకు అనుమానం పెంచడం తప్ప ఈ నటన సాధించినదేమిటో నాకు బోధపడలేదు.

జవాబు 1:
మీ సందేహం న్యాయమైనదే. డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో గ్రమాటికస్ లాటిన్‌లో రాసిన పాత కథలో పినతండ్రి చేసిన హత్య అందరికీ తెలిసినదే కనుక, పగ తీర్చుకోగల వారసుడిగా కనిపిస్తే తననూ బతకనివ్వరని గ్రహించిన అమ్లెత్ (హామ్లెట్‌కు మూలమైన పాత్ర) వెర్రివాడిలా నటిస్తాడు. షేక్‌స్పియర్ ఆ హత్యను రహస్యంగా మార్చాడు. దాంతో వేషం మిగిలింది, దాని అవసరం సడలింది.

జవాబు 2:
పూర్తిగా సడలిందని నేననను. రాజు సలహాదారు పొలోనియస్‌ను ముఖం మీదే చేపలమ్మేవాడని అనగలిగే స్వేచ్ఛ ఆ వేషమే ఇచ్చింది. నన్ను ఇబ్బంది పెట్టేది వేరొకటి: మూడో అంకంలో తనది కపటపు పిచ్చేనని తల్లికి చెప్పిన హామ్లెట్, ఐదో అంకంలో, తన చేతిలో చనిపోయిన పొలోనియస్ కొడుకు లేయర్టీస్‌ను క్షమాపణ కోరుతూ తప్పంతా తన పిచ్చి మీదికే నెడతాడు. ఈ రెండు మాటలనూ జవాబుపత్రంలో ఎదురెదురుగా నిలపండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. నాలుగో అంకంలో పొలోనియస్ కూతురు ఒఫీలియాకు నిజంగానే మతి చలించిన దృశ్యాన్ని కూడా వాటి పక్కన పెట్టి మళ్ళీ చదువుతాను.