స్టీఫెన్ హైమర్ పరిశోధనకు అంత ప్రాధాన్యం ఎందుకు?

ప్రశ్న: బహుళజాతి సంస్థల గురించి ఏ పాఠ్యపుస్తకం తెరిచినా స్టీఫెన్ హైమర్ పేరు తప్పక కనిపిస్తోంది. నలభై ఏళ్లయినా నిండకుండా మరణించిన ఆర్థికశాస్త్ర ఆచార్యుడికి ఇంతటి స్థానం ఎలా దక్కిందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: 1960లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఆర్థికవేత్త చార్లెస్ కిండిల్‌బర్గర్ పర్యవేక్షణలో ఆయన రాసిన సిద్ధాంత వ్యాసమే అందుకు కారణం. వడ్డీ తక్కువున్న దేశం నుంచి ఎక్కువున్న దేశానికి డబ్బు పారినట్టే సంస్థలూ విదేశాలకు వెళ్తాయని అప్పట్లో భావించేవారు. అయితే అమెరికన్ సంస్థలు పరాయి దేశంలో ఫ్యాక్టరీ పెట్టేటప్పుడు అప్పులో కొంత అక్కడే తెచ్చుకునేవి. వడ్డీ తేడాయే కారణమైతే అలా ఎందుకు చేస్తాయి? స్థానిక భాష, చట్టాలు, కొనుగోలుదారుల అలవాట్లు తెలిసిన పోటీదారుల మధ్య పరాయి సంస్థ నిలవాలంటే సాంకేతిక పరిజ్ఞానమో, బ్రాండో ఏదో ఒక ప్రత్యేక ఆధిక్యం ఉండాలని, దాని ఫలం చేజారకుండా ఉండటానికే అది యాజమాన్య నియంత్రణను తన చేతిలో ఉంచుకుంటుందని హైమర్ వాదించారు. నా దృష్టిలో ఆయన అసలైన ఘనత ఇదే.

జవాబు 2: మాంట్రియల్‌లో పుట్టిన ఆయన యేల్ విశ్వవిద్యాలయంలోనూ, తరువాత న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ అనే విశ్వవిద్యాలయంలోనూ బోధించారు, చివరి ఏళ్లలో మార్క్సిస్టు దృక్పథానికి మళ్లారు. 1974లో రోడ్డు ప్రమాదంలో మరణించారు. సిద్ధాంత వ్యాసం పుస్తకంగా వెలువడింది 1976లో. దానిని ఆయన చూడలేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.