గాలం వేసేవాళ్లు నదిలో పురుగులు లెక్కపెడితే సర్కారు బాధ్యత తీరిపోతుందా?

ఏటిగట్టు
నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ఇక్కడి ఫిషింగ్ క్లబ్ వాళ్లతో రెండేళ్లుగా నెలకోసారి నదిలో దిగి, నీళ్లు బాగున్నాయో లేదో తెలుసుకోవడానికి పురుగులు లెక్కపెడుతున్నాను. నదుల్లోని పురుగుల్ని గమనించే సంస్థల కూటమి రివర్‌ఫ్లై పార్ట్‌నర్‌షిప్ 2007లో దేశమంతా మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. మూడు నిమిషాలు నది అడుగుని కాలితో కదుపుతుంటే కొట్టుకొచ్చేవి వలలో పడతాయి. ఇంకో నిమిషం రాళ్లు తిప్పి చూస్తాం. అన్నీ తెల్లటి ట్రేలో పోసి ఎనిమిది రకాలు వెతుకుతాం: మేఫ్లైలో నాలుగు, క్యాడిస్‌లో రెండు, స్టోన్‌ఫ్లై (ఈ మూడూ పిల్లదశలో నీళ్లలో బతికే రెక్కల పురుగులు), మంచినీటి చిన్న రొయ్య.

మొన్న ఒక స్నేహితుడు, "ఇది ప్రభుత్వం చేయాల్సిన పని. మీరు ఊరికే చేసిపెడుతుంటే వాళ్లెందుకు చేస్తారు?" అన్నాడు. అప్పట్నుంచి మనసులో అదే తిరుగుతోంది. మీరేమంటారు?

పన్నుదారు
మీ స్నేహితుడి మాటే నాదీ. ఇంగ్లండ్ నదుల్లో 14 శాతమే పర్యావరణపరంగా మంచి స్థితిలో ఉన్నాయని 2020లో అధికారిక లెక్కే చెప్పింది. అంత పెద్ద సమస్యని సెలవురోజు వలంటీర్లకి వదిలేస్తారా? ఇంకో మాట, తప్పుగా అనుకోకండి. ఒక్కరోజు శిక్షణతో పురుగుని గుర్తుపట్టేస్తారా? రేపు కోర్టులో ఈ లెక్క నిలుస్తుందా?

సూక్ష్మదర్శిని
నేను నీటి జీవుల మీదే పనిచేస్తాను కాబట్టి రెండో ప్రశ్నకి జవాబిస్తాను. కోర్టులో నిలబడటానికి పెట్టిన పద్ధతి కాదండీ ఇది. జాతి పేరు తేల్చక్కర్లేదు, గుంపు తెలిస్తే చాలు. ఒక్కో గుంపులో 1 నుంచి 9 దాకా ఉంటే ఒక మార్కు, 10 నుంచి 99 అయితే రెండు, 100 నుంచి 999 అయితే మూడు, ఆపైన నాలుగు. మొత్తం మార్కులు ఆ చోటికి ముందే పెట్టిన హద్దు కంటే తగ్గితే అధికారులకి చెప్పాలి. ఆ తర్వాత నిపుణులు వచ్చి తేలుస్తారు. ముప్పై పురుగుల్ని నలభై అని రాసినా మార్కు మారదు. మొరటు లెక్కే, కానీ ఆ మొరటుతనం వల్లే కొత్తవాళ్లు కూడా చేయగలుగుతున్నారు.

అసలు బలం వేరే ఉంది. సీసాలో పట్టిన నీళ్లు ఆ నిమిషం సంగతే చెబుతాయి. రాత్రి ఎవరైనా విషం వదిలితే తెల్లారేసరికి అది కిందికి పోతుంది. పురుగు అలా కాదు, నెలల తరబడి అక్కడే రాళ్ల కింద బతుకుతుంది. జరిగినదంతా దాని ఒంటిమీదుగానే పోతుంది.

ఒక జాగ్రత్త. బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే మేఫ్లై చలికాలం చాలావరకు గుడ్డుగానే ఉంటుంది. జనవరిలో అది కనపడలేదని టెన్షన్ పడకూడదు.

ఏటిగట్టు
ధన్యవాదాలండీ. పన్నుదారు గారూ, 2013 జులైలో కెన్నెట్ నదిలో జరిగింది చూడండి. మార్ల్‌బరో ఊరికి దిగువన వలంటీర్లు మామూలు లెక్కకి దిగితే ట్రేలో దాదాపు ఏమీ లేదు. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు, కొద్దిపాటి మోతాదే, మురుగునీటి శుద్ధి కేంద్రం మీదుగా నదిలో కలిసింది. సుమారు 15 కిలోమీటర్ల మేర పురుగులు, రొయ్యలు తుడిచిపెట్టుకుపోయాయి. చేపలు తేలలేదు, నీళ్లు తేటగానే ఉన్నాయి. గట్టు మీద నుంచి చూసినవాళ్లకి ఏం తెలుస్తుంది? ఆ రోజు ఎవరూ వల వేయకపోతే ఎప్పటికి బయటపడేదో.

పన్నుదారు
ఇది నాకు తెలియదు. లెక్క నమ్మదగినది కాదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొదటి మాట మాత్రం వదలను. మీరు గంట కొట్టాక ఎవరూ రాకపోతే?

ఏటిగట్టు
అదీ జరిగింది. పోయిన ఏడాది మా చోట మార్కులు హద్దు దాటి పడిపోయాయి. ఆరోజే ఫోన్ చేశాం. పది రోజులకి గానీ ఎవరూ రాలేదు, అప్పటికి పెద్ద వాన పడింది. కడుపు మండిపోయింది. ఇంక మానేద్దాం అన్నారు మావాళ్లలో ఇద్దరు. కానీ మానేస్తే, ఆ పది రోజులు ఆలస్యమైందని నిలదీయడానికి మా చేతిలో ఏ కాగితం ఉంటుంది? అధికారుల పని మేం చేయడం లేదండీ. వాళ్లు చేయాల్సిందేమిటో తేదీతో సహా రాసిపెడుతున్నాం.

సూక్ష్మదర్శిని
ఈసారి అలా పడిపోతే అధికారులు వచ్చేదాకా ఆగొద్దు. ట్రే ఫొటో సమయంతో తీయండి, పట్టినవాటిలో కొన్ని ఆల్కహాల్‌లో దాచండి, పై చోట కూడా అదేరోజు లెక్క తీయండి. పైన బాగుండి కింద లేకపోతే, ఆ రెంటి మధ్య ఏ పైపు కలుస్తోందో నడిచి చూడొచ్చు.

పన్నుదారు
ఆ పది రోజుల సంగతి తేదీలతో రాసి ఇక్కడ పెట్టండి. మీ ప్రాంత ప్రజాప్రతినిధికి పంపే ఉత్తరం ముసాయిదా నేను రాస్తాను.