ఫస్ట్ సోలోకి వెళ్లమంటే వద్దన్నాను, మీలో ఎవరికైనా ఇలా అయిందా?

కొత్తరెక్క:
అందరికీ నమస్తే. సెస్నా 152 అనే రెండు సీట్ల చిన్న విమానం మీద ఫ్లయింగ్ నేర్చుకుంటున్నా, 17 గంటలు అయ్యాయి. సోలో అంటే పక్కన సార్ లేకుండా ఒంటరిగా ఎగరడం. మంగళవారం పొద్దున మా సార్‌తో నాలుగు సర్క్యూట్లు (లేచి, ఫీల్డ్ చుట్టూ తిరిగి మళ్లీ దిగడం) వేశాక ట్యాక్సీవే మీద ఆపమన్నారు. ఆపాను. ఆయన హెడ్‌సెట్ తీసి, తలుపు తెరిచి దిగుతూ, తన బెల్టు ఖాళీ సీటు మీద బిగించేసి "ఒక్క సర్క్యూట్ వేసిరా, నేను ఇక్కడే నిల్చుంటా" అన్నారు. ఈ క్షణం కోసం ఎన్ని రాత్రులు కళ్లు మూసుకుని సర్క్యూట్ మొత్తం మనసులో తిప్పుకున్నానో నాకే తెలుసు, కానీ అప్పుడు ఎదురుగా గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, ఒకచోట నిలబడకుండా అటూ ఇటూ తిరుగుతోంది, నా నోట్లోంచి "సార్ ఈరోజు వద్దు" అని వచ్చేసింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మళ్లీ ఎక్కి కూర్చున్నారు, వెనక్కి వచ్చేశాం. ఆ మౌనమే నన్ను తినేస్తోంది. నాలుగు రోజులైంది, నేను చేసింది తప్పా? మళ్లీ అడుగుతారా అసలు? మీలో ఎవరైనా ఇలా వద్దన్నవాళ్లు ఉంటే చెప్పండి, ప్లీజ్.

గాలివాటం:
తమ్ముడూ, నేను వద్దనలేదు, అనాల్సింది. ముందురోజు రాత్రి సరిగ్గా నిద్రలేదు, జలుబు కూడా ఉంది, అయినా సార్ దిగుతుంటే కాదనడానికి మొహం చెల్లక వెళ్లిపోయా. టేకాఫ్ బాగానే అయింది. ల్యాండింగ్‌లో ఫ్లేర్ (నేల దగ్గర ముక్కు పైకెత్తడం) ఎక్కువ లాగాను, విమానం పైకి లేచింది, కంగారులో ముక్కు కిందికి తోశాను, అంతే, టప్పున తగిలి మళ్లీ లేచింది, మళ్లీ తోశాను. రెండో బౌన్స్ తర్వాత ఎందుకో చెయ్యి దానంతటదే ఇంజన్ పవర్ పెంచే థ్రాటిల్ మీదకి వెళ్లి పూర్తిగా ముందుకి నెట్టేసింది, గో అరౌండ్ చేసి, అంటే దిగకుండా మళ్లీ పైకెక్కి, ఇంకోసారి వచ్చి దిగాను. మూడోసారి కూడా తోసి ఉంటే ముందు చక్రం, ప్రొపెల్లర్ రెండూ పోయేవని దిగాక సార్ చూపించి మరీ చెప్పారు. బౌన్స్ అయితే ముక్కు తోయకూడదు, యాటిట్యూడ్, అంటే ముక్కు ఉన్న కోణం, అలాగే పట్టుకోవాలి లేదా పవర్ పెట్టి వెళ్లిపోవాలి, ఈ ముక్క అప్పటికి పదిసార్లు విన్నాను కానీ అలసిపోయిన బుర్రకి ఆ టైమ్‌కి గుర్తురాలేదు. నీకు బాలేదనిపించినప్పుడు బాలేదని చెప్పగలిగావు. అది నాకు ఆరోజు చేతకాలేదు.

రన్‌వే27:
నా అనుభవం కొంచెం వేరే, కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తా, ఏమీ అనుకోకు. నేను కూడా వద్దన్నా. వారం తర్వాత మళ్లీ అడిగితే మళ్లీ వద్దన్నా. మొదటిసారి గాలి కారణం, రెండోసారి గాలే లేదు, భయం ఒక్కటే. ఆ తర్వాత ఫ్లయింగ్‌కి వెళ్లడమే తగ్గించేశా, ఎనిమిది నెలలు ఆగిపోయా, తిరిగొచ్చాక మళ్లీ మొదట్నించి ల్యాండింగులు నేర్చుకోవాల్సి వచ్చింది. అందుకే వద్దనడం తప్పు కాదు గానీ ఎందుకు వద్దన్నావో నీకు నువ్వు నిజంగా చెప్పుకో. గాలి అయితే నంబర్ ఎంత? భయమైతే దేని గురించి? ఆ సమాధానం లేకుండా ఇంట్లో కూర్చుంటే మాత్రం రోజురోజుకీ బరువెక్కుతుంది.

కొత్తరెక్క:
అన్నా థాంక్స్, ఇది ఆలోచించాను. టవర్ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) చివరగా చెప్పిన గాలి 9 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కి.మీ.), రన్‌వేకి దాదాపు 60 డిగ్రీల పక్కనుంచి. లెక్కేస్తే క్రాస్‌విండ్, అంటే రన్‌వేకి అడ్డంగా వీచే గాలి, 8 నాట్లకి దగ్గర. నేను అంతవరకూ 5 దాటి చేయలేదు, పొద్దున ఎక్కినప్పుడు 3 నాట్లే ఉంది. కానీ నిజం చెప్పాలంటే గాలి లేకపోయినా వెళ్లేవాణ్ణా అంటే తెలీదు. నా భయం ఫ్లోట్ అవడం. సార్ పక్కన ఉన్నప్పుడే రెండు మూడుసార్లు రన్‌వే మీద తేలుతూ చాలా దూరం పోయాను, ఆయన లేకపోతే విమానం ఇంకా తేలిక అవుతుంది కదా.

కుడిసీటు:
నేను ఇన్‌స్ట్రక్టర్‌ని. రెండు విషయాలు.

ముందు మౌనం గురించి. స్టూడెంట్ వద్దంటే నేనూ ఎక్కువ మాట్లాడను, ఎందుకంటే ఆ క్షణంలో నేనేం మాట్లాడినా ఒత్తిడి పెట్టినట్టే అవుతుంది. "ఏం పర్లేదు, వెళ్లొచ్చు" అని ఒక్క మాటన్నా అవతలివాళ్లు ఇష్టం లేకుండా థ్రాటిల్ తోసేస్తారు. మీ సార్ మనసులో ఏముందో నాకు తెలీదు, అడిగితే ఆయనే చెప్తారు, కానీ సోలోకి పంపేముందు మేం చూసేది ల్యాండింగ్ ఎంత మెత్తగా ఉందని కాదు. అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు రావడం) చెడిపోతున్నప్పుడు నేను నోరు తెరవకముందే గో అరౌండ్ అంటున్నాడా లేదా అని. నేల మీద గాలి మారడం చూసి ఆగిన మనిషి గాల్లో కూడా ఆగగలడు, నేనైతే అలాగే తీసుకుంటా. 152లో 12 నాట్ల వరకు క్రాస్‌విండ్ చేసి చూపించారని హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, కానీ అది అనుభవమున్న పైలట్ చేతిలో తేలిన సంఖ్య, 17 గంటల స్టూడెంట్‌కి పెట్టాల్సిన గీత కాదు.

ఇక ఫ్లోట్. 152 గరిష్ఠ టేకాఫ్ బరువు 757 కిలోలు. నాలాంటి 80 కిలోల మనిషి దిగిపోతే పదోవంతు బరువు ఒక్కసారిగా పోయినట్టు. బరువు పది శాతం తగ్గితే స్టాల్ స్పీడ్ (ఇంతకంటే తగ్గితే రెక్కలు మోయలేని స్పీడ్) సుమారు ఐదు శాతం తగ్గుతుంది, అంటే నువ్వు రోజూ వచ్చే అదే స్పీడ్‌తో వస్తే విమానానికి ఇంకా ఎగరాలనే ఉంటుంది, తేలుతుంది. దానికి మందు యోక్ (ముక్కు పైకీ కిందికీ తిప్పే హ్యాండిల్) తోయడం కాదు, ఫైనల్‌లో (రన్‌వేకి నేరుగా వచ్చే చివరి భాగంలో) స్పీడ్ పెరగనివ్వకపోవడం. 60 నాట్లంటే 60, 68 కాదు. పవర్ పూర్తిగా తీసేశావో లేదో చెయ్యి పెట్టి చూసుకో, చాలామంది కొద్దిగా వదిలేస్తారు. తర్వాత ఓపిగ్గా పట్టుకుని కూర్చో, అదే దిగుతుంది. తేలుతూ తేలుతూ రన్‌వే మూడోవంతు దాటిపోయిందంటే మాత్రం ఆలోచించొద్దు, పవర్ పెట్టి వెళ్లిపో.

పైకెక్కేటప్పుడు కూడా తేడా తెలుస్తుంది. రోజూ ఎక్కడో మలుపు దగ్గర వచ్చే 1000 అడుగులు ఆరోజు చాలా ముందే వచ్చేస్తాయి, చూసుకోకపోతే 1200 దాటిపోతావు. కుడి రడ్డర్ (ముక్కు పక్కకి తిప్పే పెడల్) మర్చిపోకు. పూర్తి పవర్‌లో ముక్కు ఎడమకి పోవడం నీకు తెలిసిందే, ఇన్నాళ్లూ నీకు తెలీకుండా మీ సార్ పాదం కొంత సాయం చేసి ఉండొచ్చు, ఆరోజు అది ఉండదు.

మేఘమాల:
నాకు టేకాఫ్, ల్యాండింగ్ ఏదీ భయం వేయలేదు, రేడియో దగ్గర కొట్టుకుపోయా. డౌన్‌విండ్‌లో (రన్‌వే పక్కగా వెనక్కి వెళ్లే భాగంలో) ఉన్నా, అంతా బాగుంది, టవర్ వాళ్లు "ఎక్స్‌టెండ్ డౌన్‌విండ్", అంటే మలుపు తిరగకుండా ఇంకా ముందుకి పొమ్మన్నారు, లాంగ్ ఫైనల్‌లో ఏదో పెద్ద విమానం వస్తోందని. డ్యూయల్‌లో (మేడమ్‌తో కలిసి ఎగిరినప్పుడు) నాకు ఒక్కసారి కూడా అలా రాలేదు. బేస్ (రన్‌వే వైపు మలుపు) తిరగాల్సిన చోటు దాటిపోతుంటే రన్‌వే వెనక్కి వెళ్లిపోతోంది, పక్కన అడగడానికి ఎవరూ లేరు, ఆ అర నిమిషం చాలా పొడుగ్గా గడిచింది. అప్పుడు మేడమ్ ఎప్పుడూ చెప్పే మాట గుర్తొచ్చింది, ముందు విమానం ఎగిరించు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు. ఎత్తు పట్టుకున్నా, స్పీడ్ చూసుకున్నా, అప్పుడు "ఫస్ట్ సోలో, మళ్లీ చెప్పండి" అన్నా. కంట్రోలర్ గొంతు ఒక్కసారిగా మెల్లగా మారిపోయింది, ఒక్కో మాటా విడదీసి చెప్పారు, బేస్ ఎప్పుడు తిరగాలో కూడా ఆయనే పిలిచి చెప్పారు. ఆయనెవరో నేనెప్పుడూ చూడలేదు, కానీ ఆ గొంతు ఇప్పటికీ మర్చిపోలేదు. కాబట్టి టవర్ ఉన్న ఫీల్డ్ అయితే మొదటి కాల్‌లోనే స్టూడెంట్, ఫస్ట్ సోలో అని చెప్పెయ్. ఎక్స్‌టెండ్ డౌన్‌విండ్, ఆర్బిట్ (అక్కడే ఒక చుట్టు తిరగడం), గో అరౌండ్, ఈ మూడూ టవర్ నుంచి వస్తే ఏం చేయాలో సార్‌తో ఒకసారి చేసి చూడు, సోలోకి ముందే.

పాతకాగితాలు:
పాత విమానాల చరిత్ర చదివే అలవాటున్నవాణ్ణి, ఒకటి చెప్పాలనిపించింది. న్యూయార్క్ నుంచి పారిస్‌కి 1927లో ఒంటరిగా 33 గంటలకు పైగా ఎగిరిన చార్లెస్ లిండ్‌బర్గ్ ఉన్నాడు కదా, ఆయన 1923లో యుద్ధం తర్వాత మిగిలిన సైనిక విమానాల్లోంచి జెన్నీ అనే ఒక శిక్షణ విమానం కొనుక్కున్నప్పటికి ఒక్కసారి కూడా సోలో చేయలేదు. ఆ విమానంలో మొదటిసారి ఒంటరిగా లేపబోయి, నేల వదిలి కొన్ని అడుగులు లేచాక నచ్చక మళ్లీ దించేశాడు. అక్కడే ఉన్న ఇంకో పైలట్ చూసి, తోడుగా ఎక్కి కొన్ని ల్యాండింగులు చేయించి, గాలి తగ్గాక సాయంత్రం వెళ్లమన్నాడు. సాయంత్రం వెళ్లాడు.

నిశ్శబ్దగమనం:
గ్లైడర్ మనిషిని, నా మాట చిన్నదే. మాకు ఇంజన్ లేదు, గో అరౌండ్ లేదు, వచ్చిన అప్రోచ్ ఒక్కటే. అందుకే నీకు ఆ థ్రాటిల్ ఉండటం ఎంత పెద్ద విషయమో బయటినుంచి చూసేవాడిగా చెప్తున్నా, వాడుకో.

కొత్తరెక్క:
అందరికీ... ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు. ఈరోజు పొద్దున అయింది!

ముందు సార్‌ని అడిగాను, మంగళవారం ఎందుకు ఏమీ అనలేదని. "నువ్వు చూసిన విండ్‌సాక్ నేను చూడలేదు, అటు వీపు పెట్టి దిగుతున్నా, నువ్వు వద్దన్నాకే తిరిగి చూశా" అన్నారు. ఇంకేం చెప్పలేదు. ఇన్ని రోజులూ నేనేమేమో ఊహించుకున్నా.

గాలి 3 నాట్లు, దాదాపు ఎదురుగా. ముందు ఆయనతో మూడు సర్క్యూట్లు, అందులో ఒకటి ఎక్స్‌టెండ్ డౌన్‌విండ్ నేనే అడిగి చేశా, మేఘమాల అక్కా థాంక్స్. తర్వాత ఆయన దిగి చేతి రేడియో పట్టుకుని గడ్డి పక్కన నిల్చున్నారు. 50 నాట్ల దగ్గర యోక్ లాగానో లేదో లేచిపోయింది, కుడిసీటు సార్ చెప్పినట్టే మలుపు పూర్తవకముందే 1000 వచ్చేసింది, ముక్కు దించి పవర్ తగ్గించా. డౌన్‌విండ్‌లో ఒక్కసారి కుడివైపు చూశా. ఖాళీ సీటు, దాని మీద బిగించిన బెల్టు. ఆ తర్వాత చెక్‌లన్నీ గట్టిగా పైకి చదివా, నా గొంతు నాకే వినిపిస్తుంటే కొంచెం తోడున్నట్టు అనిపించింది.

ఫైనల్‌లో ఎత్తు ఎక్కువైంది. ఫుల్ ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దిగే పలకలు) పెట్టినా 300 అడుగుల దగ్గర ఇంకా ఎక్కువే, స్పీడ్ కూడా 70. దింపేయొచ్చేమో అని ఒక క్షణం అనిపించింది, ఆ క్షణంలోనే గాలివాటం అన్న రాసిన రెండు బౌన్స్‌లు కళ్ల ముందుకొచ్చాయి. పవర్ ఫుల్, కార్బ్ హీట్ (ఇంజన్‌లోకి వేడిగాలి పంపేది) కోల్డ్, ముక్కు ఎంత గట్టిగా పైకి తన్నిందో, అంత తోయాలని డ్యూయల్‌లో తెలీలేదు నాకు, పట్టుకుని ఫ్లాప్స్ 20 డిగ్రీలకి తెచ్చా, ఎక్కడం మొదలయ్యాక మిగతావి. రేడియోలో సార్ గొంతు రాలేదు. రెండోసారి 60తో వచ్చా, తేలింది, కొంచెం ఎక్కువే తేలింది, కానీ కూర్చున్నా ఓపిగ్గా, స్టాల్ హార్న్ (స్పీడ్ స్టాల్‌కి దగ్గరైందని చెప్పే హెచ్చరిక) సన్నగా మోగింది, చక్రాలు తగిలాయి. లాగ్‌బుక్‌లో 0.3 గంటలు. ఆ పేజీ పొద్దున్నుంచి ఎన్నిసార్లు తెరిచి చూశానో.

రన్‌వే27:
కంగ్రాట్స్ తమ్ముడూ!! మొదటి సోలోలో సొంతంగా గో అరౌండ్, అది నేను చాలా గంటల తర్వాత గానీ చేయలేదు. చాలా సంతోషంగా ఉంది చదువుతుంటే.

ఆకాశదారి:
ఈ చర్చ రెండు రోజులుగా చూస్తున్నా, ఇప్పుడు ధైర్యం వచ్చి రాస్తున్నా. నాకు 31 గంటలు, ఇంకా సోలో ఇవ్వలేదు. మధ్యలో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు మారారు, ఒకరు ఫ్లేర్ ముందు చేయమంటారు ఇంకొకరు ఆలస్యంగా. నాతో మొదలుపెట్టినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. అడగాలంటే కూడా ఏదోలా ఉంది.

కుడిసీటు:
అడగమ్మా, తప్పకుండా అడుగు. "నన్ను ఎప్పుడు పంపుతారు" అని కాదు, "ఇంకా ఏ విషయంలో మీకు నమ్మకం కుదరలేదు, ఒక్కొక్కటిగా చెప్పండి" అని అడుగు, రాసుకో. ఇద్దరు మారితే గంటలు పెరగడం మామూలే, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ నిన్ను మొదటినుంచి చూసుకోవాలి కదా. వారానికోసారి కాకుండా వరసగా మూడు రోజులు వీలైతే ఎగురు, ఫ్లేర్ చేతికి రావాలంటే మధ్యలో గ్యాప్ ఉండకూడదు. ఫ్లేర్‌లో చూపు ముక్కు ముందర నేల మీద కాదు, రన్‌వే చివర పెట్టు, ఎవరు ఎప్పుడు లాగమన్నా ఈ ఒక్కటి మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

ఆకాశదారి:
నేను ముక్కు ముందరే చూస్తున్నా సార్! ఇన్ని గంటల్లో నన్నెవరూ ఎక్కడ చూస్తున్నావని అడగలేదు. రేపు పొద్దున 6:30 స్లాట్ ఉంది. ముందు ఇది చేసి చూసి, దిగాక ఆ ప్రశ్న అడుగుతా.