కోర్ (కట్టిన కాలమ్‌లోంచి తొలిచి తీసిన కాంక్రీటు ముక్క) పాసైంది. క్యూబ్ (పోసిన రోజే అచ్చులో నింపిన కాంక్రీటు నమూనా) ఫెయిలైన సంగతి ఫ్లాట్ కొనేవాళ్లకు చెప్పాలా, అక్కర్లేదా?

వాల్తేరు ఉప్పుగాలి:
కేసు ఊహించి పెడుతున్నాను, అంకెలు మాత్రం సైట్లలో మామూలుగా తగిలేవే. విశాఖ సాగర్‌నగర్‌లో బీచ్‌కి దగ్గర్లో స్టిల్ట్ (గోడల్లేని పార్కింగ్ అంతస్తు) ప్లస్ 5 అపార్ట్‌మెంట్. స్టిల్ట్‌లో 16 కాలమ్స్, 300 × 450 సైజు, ఎం30 ఆర్ఎంసీ (28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 30 న్యూటన్ల బలం రావాల్సిన, ప్లాంట్‌లో కలిపి తెచ్చే కాంక్రీటు; కింది బలం అంకెలన్నీ అదే కొలతలో). మొత్తం ఒకే మిల్లర్ (కాంక్రీటు కలుపుతూ తెచ్చే లారీ), దాదాపు 6 ఘనమీటర్లు. 28 రోజుల క్యూబులు 24.1, 25.3, 23.6 వచ్చాయి. సగటు 24.3. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఏ శాంపిలూ 27కి తగ్గకూడదు, కాబట్టి ఫెయిల్. రిపోర్టు చేతికొచ్చేసరికి పైన రెండు శ్లాబులు వేసేశారు. 60వ రోజున మూడు కోర్‌లు తీస్తే 26.8, 25.9, 24.0 వచ్చాయి. కోర్‌లకి అదే కోడ్ ప్రకారం సగటు కనీసం 25.5 రావాలి, ఏ ఒక్కటీ 22.5కి తగ్గకూడదు. వచ్చిన సగటు 25.57. వెంట్రుకవాసిలో పాస్. బిల్డర్ క్యూబ్ రిపోర్టు పక్కన పెట్టేసి కోర్ రిపోర్టే ఫైల్లో పెట్టమంటున్నాడు. సైట్ ఇంజనీర్ ఏం చెయ్యాలి?

లెక్కల మేస్త్రి:
కోడ్ పాస్ అన్నాక పాసే. కోర్ టెస్టు పెట్టిందే క్యూబ్ మీద అనుమానమొస్తే తేల్చడానికి. లెక్క చూడండి. ఆ సెక్షన్‌లో 16 ఎంఎం రాడ్లు 8 ఉన్నాయనుకుందాం, ఎఫ్ఈ 500 రకం ఉక్కు. నిట్టనిలువు బరువుకి సామర్థ్యం ఎం30 అయితే 2,139 కిలోన్యూటన్లు. కాంక్రీటు 25 అనుకుంటే 1,873. అంటే పన్నెండున్నర శాతం తగ్గింది, స్టీలు మోసే భాగం అలాగే ఉంటుంది కాబట్టి. స్ట్రక్చరల్ కన్సల్టెంట్ కంప్యూటర్ మోడల్‌లో ఎం25 పెట్టి మళ్లీ నడిపి, సెకనుకి 50 మీటర్ల గాలికీ భూకంపానికీ సరిపోయిందని రాసిస్తే అంతటితో అయిపోయింది. కొనేవాళ్లకు 24.3 అని చెబితే బిల్డింగ్ పడిపోతుందనే అర్థమవుతుంది. లేని భయం పుట్టించడం నీతి ఎలా అవుతుంది?

పోర్‌కార్డ్:
మేస్త్రిగారూ, బలం లెక్క సరే. అసలు తప్పు 28వ రోజున జరిగింది కాదు. 7 రోజుల క్యూబులు కూడా ఉండే ఉంటాయి కదా? మూడింట రెండొంతులు, అంటే 20 దగ్గర రావాలి. ఇలాంటి కాంక్రీటుకి 15, 16 వచ్చి ఉంటుంది. ఆ రోజుకి స్టిల్ట్ పైన శ్లాబుకి ఇంకా సెంట్రింగ్, స్టీలు కట్టుబడే నడుస్తుంటాయి. అప్పుడు ఆపితే నష్టం వారం కూలీ, సెంట్రింగ్ అద్దె. ఆపకుండా సంతకం పెట్టిన చెయ్యి ఎవరిదో పోర్ కార్డ్ (కాంక్రీటు పొయ్యడానికి అనుమతి సంతకాల కాగితం) చూస్తే తెలుస్తుంది.

ఇంకోటి. 6 ఘనమీటర్లకి ఐఎస్ 456 రెండు శాంపిళ్లు అడుగుతుంది. ఇక్కడ ఒక్కటే తీశారు. మిల్లర్ మొదట్లో తీశారా, చివర్లోనా?

కంకర 20:
పోర్‌కార్డ్ చివర వేసిన ప్రశ్నలోనే ఉంది అసలు రహస్యం. హనుమంతవాక దగ్గర గంట ఇరుక్కుంటే స్లంప్ (కాంక్రీటు జారుడుతనం) చచ్చిపోతుంది, పంపు లాగదు, ఎవడో ఒకడు పైపు పట్టుకుని డ్రమ్ములో నీళ్లు కొడతాడు. ఘనమీటరుకి 350 కేజీల సిమెంటు, 154 లీటర్ల నీరు ఉన్న మిక్స్ అనుకోండి, నీరు-సిమెంటు రేషియో 0.44. 6 ఘనమీటర్ల డ్రమ్ములో 100 లీటర్లు కొడితే ఘనమీటరుకి దాదాపు 17 లీటర్లు. 171 బై 350, అంటే 0.49. సముద్రతీరానికి ఐఎస్ 456 పెట్టిన పరిమితి 0.45. నీళ్లు కొట్టాక పోసిన కాలమ్స్‌కే దెబ్బ, ముందు పోసినవి బాగానే ఉంటాయి. కాబట్టి మూడు కోర్‌లు ఏ కాలమ్స్‌లో తీశారన్నదే అసలు సంగతి. పోర్ కార్డులో వరస ఉంటుంది. చివరి నాలుగు కాలమ్స్‌లో ఒక్కటీ తియ్యకపోతే ఆ పాస్‌కి విలువ లేదు. (స్లంప్ పడితే ప్లాంట్ మనిషి ముందు అడ్మిక్స్చర్ (కాంక్రీటు జారేలా చేసే రసాయనం) మళ్లీ వేసి, ఎంత వేశారో చలాన్ మీద రాయాలి. నీళ్లు కాదు. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా పంపు ఆపరేటర్ చెవికెక్కదు.)

లెక్కల మేస్త్రి:
ఒప్పుకుంటాను, కాలమ్స్ ఎంపిక అడగాల్సిందే. కానీ అది కన్సల్టెంట్‌ని అడగాల్సిన ప్రశ్న, కొనేవాళ్లని కాదు. న్యూయార్క్‌లో 1977లో కట్టిన సిటీకార్ప్ టవర్ సంగతి గుర్తుందా? వెల్డింగ్ జాయింట్ల బదులు బోల్టులు వాడారు, మూల నుంచి వచ్చే గాలికి చాలవని ఇంజనీర్ లెమెజరర్‌కి తర్వాత తెలిసింది. తనే ఓనర్ల దగ్గరికెళ్లి చెప్పి, 1978లో రాత్రిపూట 2 అంగుళాల ఉక్కు పలకలు వెల్డింగ్ చేయించాడు. జనం ఖాళీ చెయ్యలేదు, బిల్డింగూ నిలబడింది.

వాల్తేరు ఉప్పుగాలి:
ఆ కథలో మీరు వదిలేసిన సగం ఉంది. పక్క వీధుల్లో ఉన్నవాళ్లకి ఆ సంగతి 1995లో పత్రికలో వచ్చేదాకా తెలీదు. 17 ఏళ్లు. తుఫాను వస్తే ఎవరి ప్రాణాలు పోతాయో వాళ్లకే చెప్పలేదు. పైగా ఆయన రిపేరు చేయించాడు. ఇక్కడ బిల్డర్ రిపేరూ చెయ్యట్లేదు, రిపోర్టే మాయం చేస్తున్నాడు. రెండిటినీ ఒక గాటన కట్టకండి.

కంకర 20:
బలం మీదే అందరూ కొట్టుకుంటున్నారు. ఈ ఊళ్లో కాలమ్‌ని తినేది బరువు కాదు, ఉప్పు. స్టిల్ట్ కాలమ్స్‌కి గోడ అడ్డం ఉండదు, గాలి నేరుగా తగులుతుంది. కోర్‌ని నలగ్గొడితే బలం తెలుస్తుంది, రంధ్రాలు తెలియవు. నీళ్లెక్కువైన కాంక్రీటులో క్లోరైడు తొందరగా లోపలికెళ్తుంది, రాడ్డు తుప్పు పట్టి ఉబ్బుతుంది, కవర్ (రాడ్డు మీది కాంక్రీటు పొర) ఊడుతుంది. అందుకని ఇంకో 100 ఎంఎం కోర్ తీసి, 50 ఎంఎం ముక్క కోసి ఆర్‌సీపీటీ (కరెంటు పంపి క్లోరైడు ఎంత సులువుగా చొరబడుతుందో చూసే పరీక్ష) చేయించాలి. 2,000 కూలుంబుల లోపు అయితే ఫర్వాలేదు. 4,000 దాటితే కోటింగ్ కాదు, జాకెటింగ్ (కాలమ్ చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు) గురించి మాట్లాడాలి. కవర్ మీటరు పెట్టి 16 కాలమ్స్‌కీ నాలుగు వైపులా కొలవాలి. 45 ఎంఎం రావాలి. 25 వచ్చిన చోట ఎర్ర పెయింటుతో గుర్తు పెట్టండి. రీబౌండ్ హ్యామర్ (పైన తట్టి బలం అంచనా వేసే పరికరం) చూపించి బాగుందంటే నమ్మకండి, దాని అంచనా 25 శాతం అటూఇటూ ఉంటుంది.

పోర్‌కార్డ్:
ఇక్కడే చట్టం తేదీ కలిసిరాదు. రెరాలో (రియల్ ఎస్టేట్ చట్టం) స్వాధీనం ఇచ్చాక 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో డబ్బు తీసుకోకుండా బాగు చెయ్యాలి. తుప్పు పగుళ్లు అంతకంటే ఆలస్యంగా బయటపడితే? లోపం కనిపించేసరికి గడువు దాటిపోతుంది, అప్పుడు ఖర్చు అసోసియేషన్ మీదే. ఈ సంగతి తెలిసీ రిపోర్టు దాచిపెడితే కొనేవాడి జేబులో చెయ్యి పెట్టినట్టే.

లెక్కల మేస్త్రి:
ఈ మాట నాకు గట్టిగా తగిలింది. సరే, ఆర్‌సీపీటీ ఫలితాన్ని బట్టి నా మాట మార్చుకుంటాను. అయినా 25 ఏళ్ల కుర్రాడు కొనేవాళ్లకి వాట్సాప్‌లో రిపోర్టు పంపితే మర్నాడు ఉద్యోగం ఉండదు. డాక్టర్లకీ ఆర్కిటెక్టులకీ ఉన్నట్టు ఇంజనీర్లకి దేశమంతటికీ ఒక రిజిస్ట్రేషన్ చట్టమూ లేదు, వెనక నిలబడే చట్టబద్ధమైన కౌన్సిలూ లేదు. వాడికి ఏం చెయ్యమని చెబుతారు?

వాల్తేరు ఉప్పుగాలి:
వాట్సాప్ వద్దు. ముందు కన్సల్టెంట్‌కి మెయిల్, ప్రాజెక్ట్ మేనేజర్‌కి కాపీ. నాలుగు వాక్యాలు చాలు: ఏ తేదీ పోర్, ఏ కాలమ్స్, క్యూబ్ ఫలితాలు మూడూ, కోర్ తీసిన కాలమ్ నంబర్లు. కోర్ రిపోర్టుతో పాటు క్యూబ్ రిపోర్టు కూడా జత చెయ్యాలి, ఒక్కటే పెట్టకూడదు. ఆర్‌సీపీటీ, కవర్ సర్వే అడగాలి. "ఫర్వాలేదు" అన్న మాట నోటితో కాదు, కన్సల్టెంట్ సంతకంతో రావాలి. వచ్చిందా, ఆ రెండు రిపోర్టులూ సొసైటీకి అప్పగించే ఫైల్లోకి వెళ్లాలి, కొనేవాడు అడిగితే చూపించాలి. రాలేదా, ఆ కాలమ్స్ పైన వచ్చే పోర్‌ల కార్డుల మీద సంతకం పెట్టకూడదు.

కంకర 20:
మెయిల్‌లో 7 రోజుల ఫలితం కూడా రాయమనండి. దాన్నే అందరూ మర్చిపోతారు.

లెక్కల మేస్త్రి:
జాకెటింగ్ అంటే చుట్టూ కనీసం 100 ఎంఎం. 300 × 450 కాలమ్ 500 × 650 అవుతుంది, ఒక్కో పార్కింగ్ బేలో 200 ఎంఎం పోతుంది. ప్లాన్‌లో కారు పట్టదు. దాచాలన్నా అది దాగదు లెండి.