బడుటకేనా, బడుటకైనా? (యోహాను 9:3)

పాతప్రతి: పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు "ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?" అనడిగితే, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాక యేసు చెప్పిన మాట మా ఇంట్లో "దేవుని క్రియలు వీనియందు ప్రత్యక్షపరచబడుటకై" అనే చదివేవాళ్లు. ఫోన్లో చూస్తే "బడుటకే వీడు గ్రుడ్డివాడుగా పుట్టెను" అని ఉంది. ఏది అసలుది?

గోదారిగట్టు: బడుటకే. కై అంటే ఉద్దేశం, కే అంటే ఇక వేరే కారణమే లేదని. అదే నాకు మింగుడుపడదు. ఒక మనిషి పుట్టినప్పట్నుంచీ చూపులేక, అడుక్కుని బతికింది ఒకనాటి అద్భుతం కోసమేనా?

అరసున్న: 'కే' సంగతి తర్వాత, దాని పక్కనున్న "వీడు గ్రుడ్డివాడుగా పుట్టెను" అన్న ముక్క ఆ వచనంలో గ్రీకు మూలంలో లేనేలేదు, వాక్యం నిలబడటానికి మనవాళ్లు చేర్చుకున్నది. పాత రాతప్రతుల్లో విరామచిహ్నాలు దాదాపు ఉండవు కాబట్టి కొందరు "పాపము చేయలేదు" దగ్గరే చుక్క పెట్టేసి, మిగతాది నాలుగో వచనంతో కలుపుతారు: దేవుని క్రియలు వీడిలో కనబడాలంటే పగలుండగానే మనం పనిచేయాలి, అని. అప్పుడు గుడ్డితనానికి కారణం చెప్పినట్టే కాదు.

గోదారిగట్టు: వినడానికి బాగానే ఉంది గానీ, యోహానుకి అలా సగంలో వదిలేసే అలవాటుంది సార్. 1:8 చూడండి, అక్కడ "అతడు వచ్చెను" కూడా చేర్చిందే. దానికీ చుక్క జరుపుతారా?

వినుకొండదారి: శిష్యులడిగిన "వీడా, వీని కన్నవారా?" దగ్గర నాకు కవి జాషువాయే గుర్తొస్తాడు. కర్మంటే ఏమిటో, దానికి తనమీద కక్షేమిటో ఈశ్వరుడితోనే రుజువు చేయించమని 'గబ్బిలం' కావ్యంలో గబ్బిలాన్ని పంపాడు కదా, అదీ ఇదే ప్రశ్న. పుట్టకముందే పాపం ఎప్పుడు చేశాడంట?

అరసున్న: గబ్బిలం దగ్గరే ఆగుతారేం? 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది జాషువా 'క్రీస్తు చరిత్ర'కి.

వినుకొండదారి: బహుమతి దేనికొస్తే ఏం, జనం నోట నిలిచింది గబ్బిలం.

పాతప్రతి: నా కై సంగతి?

గోదారిగట్టు: ఆగండి. ఈ అధ్యాయంలో పాపమన్న మాట గుడ్డివాడితో మొదలై, 41లో "చూచుచున్నామని" చెప్పుకునే పరిసయ్యుల నెత్తిన పడుతుంది. నన్నడిగితే అసలు గుడ్డివాళ్లు వాళ్లే.

అరసున్న: మరి 5:14లో? 38 ఏళ్ల రోగిని బాగుచేసి "ఇకను పాపము చేయకుము" అన్నాడు. అక్కడ రోగానికీ పాపానికీ లంకె ఉన్నట్టా, లేనట్టా?