లౌడన్‌లో ఇల్లు కొనేముందు కౌంటీ ఆరేళ్ల ప్లాన్ చూడాలా?

కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఈమధ్యే హైదరాబాద్ నుంచి ఉద్యోగం మీద వర్జీనియా వచ్చాం. ఇప్పుడు లౌడన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) ఆష్‌బర్న్‌లో అద్దెకు ఉంటున్నాం. ఆల్డీ వైపు ఒక టౌన్‌హోమ్ నచ్చింది. "ముందున్న రోడ్డు నాలుగు లేన్లు అవుతుంది, పక్కనే కొత్త స్కూలు వస్తుంది" అని అమ్మేవాళ్లు చెబుతున్నారు. ఎంతవరకు నమ్మొచ్చు? ఆస్తి పన్ను ఎలా ఉంటుందో కూడా ఎవరైనా చెప్పండి.

బ్రాంబుల్టన్ నుంచి ఒక అన్న:

తమ్ముడూ, వాళ్లు చెప్పింది నిజమో కాదో నువ్వే సరిచూసుకోవచ్చు. రాబోయే ఆరేళ్లలో ఏ స్కూలు, ఏ రోడ్డు, ఏ ఫైర్ స్టేషన్, ఏ పార్కు కట్టాలో లౌడన్ కౌంటీ ఏటా బడ్జెట్‌తో పాటే ఒక ప్లాన్ ఆమోదిస్తుంది. దాని పేరు క్యాపిటల్ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్, ఇక్కడ సీఐపీ అంటారు. కౌంటీ వెబ్‌సైట్‌లో బడ్జెట్ పేజీలో ఉంటుంది. ఆ రోడ్డు పేరు అందులో వెతుకు.

పేరు కనిపించగానే అడ్వాన్స్ కట్టేయకు. ఒక్కో ప్రాజెక్టుకు ఏ ఏడాది ఎంత డబ్బు, అది దేనికి అన్నది పట్టికలో ఉంటుంది: డిజైన్‌కా, స్థలం కొనడానికా, కరెంటు లైన్లు జరపడానికా, కట్టడానికా అని. కట్టడానికి డబ్బు ఏ ఏడాదిలో పెట్టారో చూడు. డిజైన్‌కు మాత్రమే పెట్టి ఉంటే ఆ రోడ్డు మీద కారు నడిచేసరికి చాలా ఏళ్లు పడుతుంది. ఇంకో సంగతి, కౌంటీని నడిపే సూపర్‌వైజర్ల బోర్డు నిజంగా ఖర్చుకు అనుమతి ఇచ్చేది మొదటి ఏడాది డబ్బుకే. మిగతా ఐదేళ్లదీ ఉద్దేశం మాత్రమే. వచ్చే బడ్జెట్‌లో అది వెనక్కి జరగొచ్చు, అంచనా ఖర్చు పెరగొచ్చు. ఆరేళ్లు దాటిన కాలమ్‌లో ఉన్న స్కూలును నమ్ముకుని మాత్రం ఇల్లు కొనొద్దు.

అన్నీ ఒకేసారి ఎందుకు కట్టరు అని ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. 1990లో ఈ కౌంటీ జనాభా దాదాపు 86 వేలు. 2020 జనాభా లెక్కల్లో 4 లక్షల 20 వేలు దాటింది. పొలాలున్న చోట కాలనీలు వచ్చాయి, వాటి వెనకే స్కూళ్లు, రోడ్లు రావాల్సి వచ్చింది. వాటికి పెద్ద మొత్తాలు బాండ్లమీద తెస్తారు. వర్జీనియాలో కౌంటీ ఇలాంటి అప్పు చెయ్యాలంటే సాధారణంగా ఓటర్ల అనుమతి కావాలి. అందుకే నవంబరు బ్యాలెట్‌లో "ఈ స్కూళ్లకు ఇంత, ఈ రోడ్లకు ఇంత అప్పు చెయ్యొచ్చా" అని అడుగుతారు. అలా తెచ్చిన అప్పు ఏళ్ల తరబడి మన పన్నుల్లోంచే తీరుతుంది. మనం జీతంలో ఈఎంఐకి ఇంతకు మించి పోకూడదని గీత గీసుకున్నట్టే, ఏటా కట్టే అసలు, వడ్డీ మొత్తం ఖర్చులో 10 శాతం దాటకూడదని కౌంటీ నియమం పెట్టుకుంది. అప్పు తీర్చే సత్తాను కొలిచే మూడు పెద్ద రేటింగ్ సంస్థల దగ్గరా కౌంటీకి అన్నిటికంటే పైదైన ట్రిపుల్ ఏ రేటింగ్ ఉంది కాబట్టి వడ్డీ తక్కువ పడుతుంది. ఆ రేటింగ్ నిలవాలంటే గీత దాటకూడదు. గీత దాటకూడదంటే కొన్ని ప్రాజెక్టులు ఆగాల్సిందే. మన వీధి రోడ్డు ఆగినప్పుడు కోపం వస్తుంది, కానీ నేను ఈ క్రమశిక్షణ పక్షమే.

బాండ్లు కాక ఇంకా దారులున్నాయి. బిల్డర్ భూమి జోనింగ్ (ఆ భూమిలో ఏం కట్టొచ్చన్న నిబంధన) మార్పించుకునేటప్పుడు స్కూలుకు స్థలమో, రోడ్డుకు డబ్బో ఇస్తానని రాసిచ్చే ప్రొఫర్లు ఒకటి. నువ్వు చూసిన కాలనీ ప్రొఫర్లు కూడా కౌంటీ రికార్డుల్లో ఉంటాయి, తప్పక అడిగి తీసుకో. "స్కూలు వస్తుంది" అన్న మాట చాలాసార్లు "స్కూలుకు స్థలం ఇచ్చారు" అన్నంతవరకే నిజం. స్థలం ఉన్నంత మాత్రాన కట్టడానికి డబ్బు ఉన్నట్టు కాదు.

రోడ్ల విషయంలో ఒక చిక్కుంది. వర్జీనియాలో ఆర్లింగ్టన్, హెన్రైకో తప్ప మిగతా కౌంటీల్లో రోడ్ల నిర్వహణ రాష్ట్ర రవాణా శాఖ వీడాట్‌ది. గుంత పడితే ఫిర్యాదు వాళ్లకే. అయినా పెరిగే ట్రాఫిక్‌కు రాష్ట్రం డబ్బు సరిపోక, కొత్త రోడ్లు, వెడల్పు పనులు చాలావరకు లౌడన్ తన పన్నులతో, నార్తర్న్ వర్జీనియా ట్రాన్స్‌పోర్టేషన్ అథారిటీ ఇచ్చే నిధులతో చేయిస్తోంది. అందుకే రోడ్డు రాష్ట్రానిదైనా పేరు కౌంటీ ప్లాన్‌లో కనబడుతుంది.

పన్ను సంగతి. 2025లో రేటు ప్రతి 100 డాలర్ల విలువకు 80.5 సెంట్లు. 8 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 6,440 డాలర్లు, జూన్‌లో సగం, డిసెంబరులో సగం. లోన్ ఉంటే బ్యాంకు సాధారణంగా ఎస్క్రోలోంచి, అంటే నెలనెలా ఈఎంఐతో పాటు మన దగ్గర తీసుకుని పక్కన పెట్టిన డబ్బులోంచి కట్టేస్తుంది. 2020లో రేటు 1 డాలరు మూడున్నర సెంట్లు ఉండేది. తగ్గడానికి పెద్ద కారణం ఆష్‌బర్న్ చుట్టూ ఉన్న డేటా సెంటర్లు, వాటి కంప్యూటర్ పరికరాల మీద వచ్చే పన్ను. కానీ రేటు తగ్గినా ఇంటి విలువ పెరిగితే బిల్లు పెరగొచ్చు. డేటా సెంటర్ల ఆదాయం మీద మరీ ఆనుకోవడం నాకు నచ్చదు. ఆ పరికరాల విలువ త్వరగా పడిపోతుంది, కంపెనీలు పెట్టుబడి తగ్గిస్తే ఆదాయమూ తగ్గుతుంది. ఆ డబ్బును ఏటా వచ్చే ఖర్చులకు కాకుండా ఒక్కసారి కట్టే భవనాలకు, రోడ్లకు నగదుగా వాడితే మన పిల్లల మీద అప్పు తగ్గుతుంది.

సౌత్ రైడింగ్ నుంచి ఒక అక్క:

అన్నయ్య చెప్పనిది ఒకటి చెబుతాను. కొత్త స్కూలు తెరిచినప్పుడు చుట్టుపక్కల స్కూళ్ల హద్దులు మారుస్తారు. ఈ వైపు 2019లో ఇండిపెండెన్స్, 2020లో లైట్‌రిడ్జ్ హైస్కూళ్లు తెరిచారు. హద్దులు స్కూల్ బోర్డు నిర్ణయిస్తుంది, ఇల్లు అమ్మేవాళ్లు కాదు. కాబట్టి "ఈ ఇంటికి ఈ హైస్కూలే" అన్నది పాప పెద్దయ్యేదాకా ఉంటుందని అనుకోకండి. ఇక్కడ స్కూల్ బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు. తనకు కావలసిన భవనాల జాబితా తయారుచేసి పంపుతుంది, డబ్బు ఇచ్చేది కౌంటీ సూపర్‌వైజర్ల బోర్డు. స్కూల్ బోర్డు జాబితా, కౌంటీ ప్లాన్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది వెనక్కి జరిగిందో తెలుస్తుంది.

కొత్త సభ్యుడు:

చాలా థాంక్స్ అన్నా, అక్కా. ప్లాన్ తెరిచాను. మా రోడ్డుకు స్థలం కొనడానికి మాత్రమే డబ్బు ఉంది, కట్టడానికి ఐదో ఏడాదిలో పెట్టారు. మేం వీసా మీద ఉన్నాం, ఓటు లేదు. మా మాట ఎవరు వింటారు?

బ్రాంబుల్టన్ నుంచి అన్న:

నవంబరు ఓటుకు పౌరసత్వం కావాలి తమ్ముడూ. బడ్జెట్ విచారణలో మాట్లాడటానికి అక్కర్లేదు. ఫిబ్రవరిలో ముసాయిదా బడ్జెట్ వస్తుంది, తర్వాత కౌంటీ కేంద్రం లీస్‌బర్గ్‌లో బహిరంగ విచారణలు జరుగుతాయి, ఏప్రిల్‌లో సూపర్‌వైజర్ల బోర్డు ఓటు వేస్తుంది, జులై 1 నుంచి అమలు. ముందే పేరు రాయించుకో, లేదా ఈమెయిల్ పంపు. బోర్డులో తొమ్మిది మంది ఉంటారు, నీ డిస్ట్రిక్ట్ సూపర్‌వైజర్ ఎవరో కౌంటీ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే వస్తుంది. "మా రోడ్డు త్వరగా వెయ్యండి" అని ఊరుకోకుండా ప్రాజెక్టు పేరు, ఏ ఏడాదిలో ఉందో, ఏ ఏడాదికి తేవాలో చెప్పు. ఇరుగుపొరుగు పది మందీ అదే పేరు చెబితే వాళ్లు నోట్ చేసుకుంటారు. ఇంటి సంగతికొస్తే, ఐదేళ్లు రెండు లేన్ల రోడ్డు మీద ఆఫీసుకు వెళ్లడం మీకు పర్వాలేదంటేనే ఆ ధరకు కొనండి. ఒకసారి వారం మధ్యలో ఉదయం ఎనిమిదింటికి ఆ దారిలో వెళ్లి చూడండి.